నర్సమ్మ గారి శనివారాలు

గుడివాడలో ముప్ఫై ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పిన లక్ష్మీకాంతానికి మెలకువగా ఉండి కలలు కనే అలవాటు చిన్నప్పటి నుంచీ ఉంది. బోర్డు మీద ఆకు అడ్డుకోత బొమ్మ గీస్తూ గీస్తూ, సుద్దముక్క అలాగే పట్టుకుని కిటికీ వైపు తిరిగి నిలబడిపోయేది. కాలేజీ వెనక కాలవ, కాలవ గట్టు మీద గడ్డి, గడ్డి మీద ఎండ. ఆ ఎండలోకి వెళ్లిపోయేది. పిల్లలు నవ్వుకునేవారే కాని గోల చేసేవారు కాదు. కాసేపటికి తనే తిరిగి వచ్చి, "ఎక్కడున్నాం?" అని అడిగేది. "పత్రరంధ్రాల దగ్గరున్నాం మేడం" అని ముందు బెంచీలోంచి యుగంధర్ అనే విద్యార్థి చెప్పేవాడు. పాఠం మళ్లీ నడిచేది.

ఆమె సొంతూరు ఘంటసాల. పదిహేను ఎకరాల మాగాణి ఉన్న ఇల్లు. పెళ్లి మాట వచ్చినప్పుడల్లా పీజీ అవనీ అనీ, ఉద్యోగం రానీ అనీ, పర్మనెంట్ కానీ అనీ దాటవేస్తూ వచ్చింది. ఎందుకు దాటవేస్తోందో ఆమెకూ సరిగా తెలియదు. ఉద్యోగం వచ్చి గుడివాడలో ఒక మేడ మీద గది అద్దెకు తీసుకున్నాక, ఇరవై ఎనిమిదో ఏట, వర్షాకాలంలో టైఫాయిడ్ తగిలింది.

ఇంజెక్షన్ చేయడానికి రోజూ సాయంత్రం ఒక నర్సు వచ్చేది. మొదటి నాలుగు రోజులూ ఆ మనిషి నిజంగా వస్తోందో, జ్వరంలో తనే ఊహించుకుంటోందో లక్ష్మీకాంతానికి అర్థం కాలేదు. తెల్లచీర ఒకటి మెట్లెక్కి వచ్చేది. చల్లటి చెయ్యి నుదుటి మీద కాసేపు ఆగేది. స్పిరిట్ వాసన, దాని వెనకే కొబ్బరినూనె వాసన. కళ్లు తెరిచేసరికి గదిలో ఎవరూ ఉండేవారు కాదు. ఐదో రోజున జ్వరం దిగింది. అప్పుడా మనిషి బల్ల దగ్గర నిలబడి, కాగితాలకు అతికించి ఆరబెట్టిన మొక్కల్ని ఒక్కొక్కటే తిరగేస్తోంది.

"ఇదేంటండీ, తిల్లకొమ్మని దాచిపెట్టుకున్నారు?" అంది వెనక్కి తిరగకుండానే. "దీని పాలు కంట్లో పడితే చూపు పోద్ది. మా ఊళ్లో గొడ్లు కూడా దీని జోలికి పోవు."

"మీ ఊరేది?"

"కోడూరు దగ్గరండీ. ఇంకాస్త ముందుకెళ్తే సముద్రమే."

"పేరు?"

"చెప్పాగా, తిల్ల."

"మొక్క పేరు కాదు. మీ పేరు."

ఆ మనిషి ఇటు తిరిగి నవ్వింది. "రెబెకా."

జ్వరం తగ్గిపోయాక కూడా రెబెకా వస్తూనే ఉంది. ఊరెళ్లినప్పుడల్లా మడ అడవుల్లోంచి ఏదో ఒక కొమ్మ తడిగుడ్డలో చుట్టి తెచ్చేది. లక్ష్మీకాంతం దానికి లాటిన్ పేరు రాస్తే, రెబెకా కింద తన ఊరి పేరు రాసేది. ఏడాది తిరిగేసరికి నర్సుల క్వార్టర్సులోంచి ట్రంకుపెట్టె తెచ్చుకుని ఆ మేడగదికే వచ్చేసింది. ఇద్దరాడపిల్లలు తోడుగా ఉంటారని ఇంటావిడ సంతోషించింది. ఊరందరికీ అది టీచరమ్మా నర్సమ్మా ఉండే ఇల్లు. అంతకు మించి ఎవరూ అడగలేదు, వీళ్లూ చెప్పలేదు. చెబుదామన్నా వాళ్ల దగ్గర దానికి మాటంటూ లేదు.

అడిగినవాడు ఒక్కడే, లక్ష్మీకాంతం అన్న శోభనాద్రి. కొత్త బియ్యం బస్తా దించడానికి వచ్చి, ఇద్దరూ ఒకే కంచంలో అన్నం తినడం చూశాడు. గుమ్మంలోంచే, "ఆ పేట పిల్లతో ఏంటే నీకు?" అన్నాడు. మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తూ రెబెకా చెప్పింది. "మా నాన్న మీ ఊరి చేలల్లోకి కోతలకొచ్చేవాడు కాంతం. నేనూ వచ్చాను రెండేళ్లు. కళ్లంలో మాకు వేరే కుండ ఉండేది."

లక్ష్మీకాంతం తీగ మీది క్లిప్పులు ఒక్కొక్కటే తీసింది. తర్వాత, "గుర్తుంది. మూతి పగిలిన కుండ. నేనే తెచ్చి పెట్టేదాన్ని" అంది.

రెబెకా చేతిలోని దుప్పటి రెండో కొస ఆమెకు అందించింది. ఇద్దరూ దాన్ని మడతపెట్టారు. శోభనాద్రి మాత్రం మళ్లీ ఆ ఇంటి గడప తొక్కలేదు.

ఏటా ఒకసారి, ఎండలు ముదరకముందే ఇద్దరూ ఘంటసాల దగ్గర, కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళం వెళ్లేవారు. గుళ్లోకి లక్ష్మీకాంతం ఒక్కతే వెళ్లి వచ్చేది. తర్వాత గంగన్న పడవలో కృష్ణ మీదికి పోయేవారు. పొద్దున్నే మంచు పట్టి అవతలి ఒడ్డు కనిపించేది కాదు. నీళ్లేవో ఆకాశమేదో తెలిసేది కాదు. అలాంటి ఒక ఉదయాన రెబెకా ఉప్పెన సంగతి చెప్పింది. డెబ్బై ఏడులో తనకు పదిహేనేళ్లు, తమ్ముడు మత్తయికి తొమ్మిది. తాటాకు కప్పు విడిపోయి నీళ్లమీద తేలితే, దాన్ని పట్టుకుని ఇద్దరూ ఎంత దూరం కొట్టుకుపోయారో తెలియదు. అమ్మ దొరకలేదు. "అప్పుడూ ఇలాగే ఉంది, అంతా తెల్లగా" అంది. లక్ష్మీకాంతం ఆమె చేతిని తన కొంగు కింద పట్టుకుంది.

"అక్కచెల్లెళ్లామ్మా?" అని అడిగాడు గంగన్న తెడ్డు వేస్తూ.

"కాదు" అంది రెబెకా.

గంగన్న సరేనన్నట్టు తలూపి, తెడ్డు వేస్తూ పోయాడు.

అలా ముప్ఫై మూడేళ్లు గడిచాయి. సొంత ఇల్లు కట్టుకున్నారు. పెరట్లో మొక్కలు చెట్లయ్యాయి. ఇద్దరూ రిటైరయ్యారు. రెబెకా ఆదివారాలు చర్చికి వెళ్లేది. ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ నెలకు రెండు శనివారాలు స్త్రీల సమాజం మీటింగని బందరు వెళ్లేది. సాయంత్రం బస్సులో నల్లహల్వా పొట్లంతో తిరిగి వచ్చేది. లక్ష్మీకాంతం వీధి అరుగు మీద పుస్తకం పెట్టుకుని కూర్చునేది. చదివేది తక్కువ.

కరోనాకు ముందటి ఏడాది ఆషాఢంలో, పెరట్లో నీళ్లు పెడుతూ రెబెకా పక్కకు ఒరిగిపోయింది. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు ఆస్పత్రిలో. వెంటనే ఆపరేషన్ చేయాలి, కాగితం మీద సంతకం కావాలి.

"పేషెంటుకి మీరేమవుతారండీ?"

"స్నేహితురాలిని."

"రక్తసంబంధీకులు ఎవరూ లేరా?"

ఆమె కోడూరులో ఉన్న మత్తయికి ఫోన్ చేసింది. అతను రొయ్యల చెరువు గట్టు మీంచి ఉన్నపళాన బయల్దేరినా, మోటారు సైకిలు మీద అవనిగడ్డ, అక్కడి నుంచి బస్సు, వచ్చేసరికి మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలూ లక్ష్మీకాంతం కారిడార్లో పెన్ను పట్టుకుని నిలబడింది. మత్తయి సంతకం పెట్టాడు. మూడో రోజు రెబెకా పోయింది.

ముందే చేసి ఉంటే బతికేదా అంటే డాక్టర్లు చెప్పలేమన్నారు. ఆ చెప్పలేమన్న మాటే ఆమె లోపల చాలాకాలం ఉండిపోయింది.

సమాధి కార్యక్రమం కోడూరు దగ్గర వాళ్ల ఊళ్లోనే జరిగింది. చుట్టాలు పెట్టె చుట్టూ నిలబడ్డారు. లక్ష్మీకాంతం ఊరివాళ్ల వెనక, మోటారు సైకిళ్లు ఆపిన చోట నిలబడింది. రమ్మని ఎవరూ పిలవలేదు. రావద్దని కూడా ఎవరూ అనలేదు. ఆ వచ్చినామె ఎవరని ఒకరు అడిగితే, కలిసి అద్దెకుండేవాళ్లని ఇంకొకరు చెప్పడం ఆమె చెవిన పడింది.

తర్వాతి నెలలు ఆమెకు సరిగా గుర్తులేవు. పొద్దున కాఫీ రెండు గ్లాసుల్లో పోసేది. నూతి దగ్గర బిందె చప్పుడు వినిపించేది. వెళ్లి చూస్తే నేల పొడిగా ఉండేది. కొన్ని మధ్యాహ్నాలు పెరటి వాకిట్లో పీట వేసుకుని కూర్చుంటే, తెల్లచీర ఒకటి చెట్ల మధ్య నడిచినట్టు ఉండేది. ఆమె భయపడేది కాదు, పిలిచేది కూడా కాదు. పిలిస్తే వెళ్లిపోతుందేమోనని. "ఫ్రెండ్ పోతే ఇంత బెంగేంటమ్మా?" అని పక్కింటివాళ్లు జాలిపడేవారు.

అట్లతద్ది వెళ్లిన వారంలో, పగలు పదకొండు గంటలకు, ఆకుపచ్చ చీర కట్టిన పొడుగాటి మనిషి గేటు దగ్గర ఆగింది. వెడల్పాటి భుజాలు, బొంగురు గొంతు, చేతిలో హల్వా పొట్లం.

"నర్సమ్మ గారి ఇల్లు ఇదేనాండీ? నా పేరు క్రిస్టినా అండీ. బందరు, చిలకలపూడిలో టైలరింగ్ చేస్తాను. మూడు నెలలు ఎదురుచూశామండీ. ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. ఆస్పత్రిలో అడిగితే సంగతి చెప్పారు." అని అక్కడే గేటు పట్టుకుని ఏడ్చింది.

లోపల కూర్చోబెట్టాక మెల్లగా అంతా బయటపడింది. స్త్రీల సమాజం మీటింగ్ ఎప్పుడూ గంటలో అయిపోయేదట. అక్కడి నుంచి రెబెకా గిలకలదిండి సందులో ఒక ఇంటికి వెళ్లేది. మగపుట్టుక పుట్టి ఆడవాళ్లుగా బతికే ఏడుగురు ఉండే ఇల్లది. పోలీసు దెబ్బలు తిన్నవాళ్లకు కట్లు కట్టేది. ఊరూపేరూ లేని చోట ఆపరేషన్ చేయించుకుని పుండ్లు పడ్డవాళ్లకు మందు రాసేది. ఆస్పత్రికి రావడానికి భయపడేవాళ్లను వెంటపెట్టుకుని తీసుకెళ్లి వరసలో నిలబడేది. క్రిస్టినాకు కుట్టుమిషన్ నేర్పించిందీ ఆమే. ఇదంతా పద్దెనిమిదేళ్లుగా నడిచింది.

"నాకెప్పుడూ చెప్పలేదే" అంది లక్ష్మీకాంతం.

"మా ఇళ్లకొస్తున్నారని తెలిస్తే మీకు కాలేజీలో మాట వస్తుందని భయపడేవారండీ. కానీ మాకు మీరు బాగా తెలుసు. నాలుగయ్యిందంటే ఇక ఆగేవారు కాదు. 'మా ఆవిడ అరుగు మీద కూర్చుని ఉంటది, బస్సు తప్పిపోద్ది' అని పరిగెత్తేవారు."

"ఏమనేది?"

"మా ఆవిడ... అని అండీ." క్రిస్టినా కంగారుపడింది. "తప్పుగా మాట్లాడానా అమ్మా?"

"లేదు. మళ్లీ చెప్పు."

క్రిస్టినా మళ్లీ చెప్పింది. ముప్ఫై మూడేళ్లు ఆ ఇంట్లో పేరు లేకుండా ఉన్నదానికి, గిలకలదిండి సందులో పేరు ఉందన్నమాట. పప్పూ ఉప్పూ గురించి మాట్లాడుకున్నంత మామూలుగా రెబెకా దాన్ని పలుకుతూ ఉండేదన్నమాట. లక్ష్మీకాంతం కిటికీ వైపు తిరిగింది. ఎంతసేపు అలా ఉందో తెలియదు. ఇటు తిరిగేసరికి క్రిస్టినా వెళ్లిపోలేదు. కాఫీ గ్లాసులు కడిగి బోర్లించి, స్టూలు మీద కూర్చుని, ఊడిపోతున్న కర్టెన్ అంచు చేత్తో కుడుతోంది.

రెండో శనివారం లక్ష్మీకాంతం బందరు బస్సెక్కింది.

మరుసటి వేసవిలో లాక్‌డౌన్ వచ్చింది. గిలకలదిండి ఇంటిని యజమాని ఖాళీ చేయమంటే, ఏడుగురూ వంటగిన్నెలతో సహా గుడివాడ వచ్చి లక్ష్మీకాంతం ఇంటి మేడ మీద దిగారు. వీధివాళ్లు మొదట తలుపులు వేసుకున్నారు. కరోనా వచ్చిన ఇళ్లకు ఆ మేడ మీంచే క్యారేజీలు వెళ్లడం మొదలయ్యాక కొన్ని తలుపులు తెరుచుకున్నాయి. కొన్ని ఇప్పటికీ తెరుచుకోలేదు. ఇంటినుంచి వెళ్లగొట్టబడ్డ ఇద్దరమ్మాయిలు, చెరువుల దగ్గర కూలి అడిగి దెబ్బలు తిన్న ఒక కుటుంబం, ఇలా ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఇది ఇంట్లో నడిపే పని కాదని, దీనికో సంస్థ ఉండాలని చెప్పినవాడు యుగంధర్. ముందు బెంచీ యుగంధర్ ఇప్పుడు బందరు కోర్టులో లాయరు. ట్రస్టు పత్రం అతనే రాశాడు.

"పేరేం పెడదాం మేడం?"

"సహవాసం" అంది లక్ష్మీకాంతం. రెబెకా రోజూ ప్రార్థన చివర పలికే మాట అది. తన పుట్టింట్లో ఆ మాటకు ముందు ఎప్పుడూ చెడు అన్నది తగిలించి వాడేవారు. ఆ మాట ఒంటరిగా ఎంత బాగుందో కాగితం మీద చూశాకే తెలిసింది.

ట్రస్టీలుగా తను, క్రిస్టినా, యుగంధర్. నాలుగో చోటు ఖాళీగా ఉంచి, ఆమె కోడూరు వెళ్లింది. మత్తయి చెరువు గట్టు మీద కుర్చీ వేసి కూర్చోబెట్టి, కొబ్బరిబొండం కొట్టి ఇచ్చాడు. చెప్పిందంతా తల వంచుకుని విన్నాడు.

"నేను సంఘ పెద్దనండీ మేడం గారూ" అన్నాడు చివరికి. "అక్క చేసిన పని మంచిదే. కానీ నా పేరు అందులో ఉంటే రేపు ఆదివారం నేను సంఘంలో తలెత్తలేను. ఏమీ అనుకోకండి."

ఆమె ఏమీ అనుకోలేదు. నాలుగో చోటు ఇంకెవరికీ ఇవ్వనూ లేదు.

మరుసటి ఏడాది చలికాలంలో, గిలకలదిండి వాళ్లలో పెద్దది వెంకటలక్ష్మి కామెర్లతో పోయింది. బాప్తిస్మం తీసుకున్న మనిషి. తనను మట్టిలోనే పెట్టమని చేతిలో చెయ్యి వేయించుకుని మరీ చెప్పింది. బందరులో రెండు చోట్ల అడిగితే ఒకరు జాగా లేదన్నారు, ఇంకొకరు కమిటీ కూర్చోవాలన్నారు. మధ్యాహ్నానికి క్రిస్టినా అక్కడి నుంచే ఫోన్ చేసింది. లక్ష్మీకాంతం మత్తయికి చేసింది. అవతల రొయ్యల చెరువులో ఏరేటర్లు నీళ్లు చిమ్ముతున్న చప్పుడు వినిపించింది.

"తీసుకురండి" అన్నాడు.

వ్యాను వెళ్లేసరికి ఊరి సమాధుల తోటలో మత్తయి, అతని కొడుకు మార్కు పంచెలు ఎగగట్టి గొయ్యి తవ్వుతున్నారు. సంఘంలో ఇంకో పెద్ద ప్రకాశరావు గేటు దగ్గర అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"మత్తయీ, సంఘంలో మాట వచ్చుద్దిరా. ఎవరో ఏమిటో!"

"రానీ అన్నా. నా మీదికే రానీ. ఇది మా నాన్నని పెట్టిన వరస. మా వరసలో జాగా నేనిస్తన్నాను."

పాదిరిగారు రాలేదు. మత్తయే బైబిలు తెరిచి చదివాడు. క్రిస్టినా వాళ్లు తలల మీద కొంగులు కప్పుకుని నిలబడ్డారు. లక్ష్మీకాంతం వెనక్కి, వ్యాను దగ్గరికి జరగబోతుంటే మత్తయి చూశాడు.

"అక్కడెందుకండీ? ఇటు రండి. ఇంటివాళ్లు ఇటు" అన్నాడు.

అందరూ వెళ్లాక లక్ష్మీకాంతం, మత్తయి కాలవలో కాళ్లు కడుక్కుని గట్టు మీద కూర్చున్నారు. పొద్దు వాలుతోంది. చేల మీద మంచు సన్నగా లేస్తోంది. మత్తయి నీళ్లలోకి చూస్తూ అన్నాడు.

"ఉప్పెనప్పుడు తాటాకుల మీద నన్ను పట్టుకుని అక్క ఒకటే మాట అంటా ఉందండీ. వదలకు, వదలకు అని. ఆస్పత్రిలో ఆ కాగితం మీద సంతకం పెడతా పెడతా అనుకున్నాను, ఇది నేను పెట్టాల్సిన సంతకం కాదని. ముప్ఫై మూడేళ్లు వదలకుండా ఉన్నది మీరు. ఆ మాట అక్కడ అనలేకపోయాను. ఊళ్లోనూ అనలేకపోయాను. మిమ్మల్ని బళ్ల దగ్గర నిలబెట్టాను."

కాలవ మెల్లగా పోతోంది. తడిసిన కాళ్ల మీద గాలి చల్లగా తగులుతోంది. పక్కన కూర్చున్న మనిషి తల వంచిన తీరు అచ్చం రెబెకాలాగే ఉంది. ఇన్నాళ్లూ ఆ సంగతి లక్ష్మీకాంతం గమనించనేలేదు.

మత్తయి సంఘ పెద్దరికం పోయింది. ఆదివారం చర్చికి మాత్రం మానలేదు, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాడు. ఆ నెల రెండో శనివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని బందరు వచ్చి, ట్రస్టు పత్రం మీద నాలుగో సంతకం పెట్టాడు.

అప్పటి నుంచి నలుగురూ చిలకలపూడిలో, క్రిస్టినా టైలరింగ్ షాపు వెనక గదిలో కూర్చుంటున్నారు. మత్తయి ప్రార్థనతో మొదలుపెడితే టీ చల్లారిపోయేదాకా ఆపడు. దేవుడి మీద నమ్మకం లేని యుగంధర్ ఫోన్ చూసుకుంటూ ఓపిక పడతాడు. లక్ష్మీకాంతానికి అన్నీ పెద్ద పెద్ద ఊహలే. గ్రంథాలయం ఉండాలి, చుట్టూ మడ మొక్కల తోట ఉండాలి, వచ్చినవాళ్లు అందులో తిరగాలి.

"తోట తర్వాత వేద్దాం మేడం గారూ" అంటుంది క్రిస్టినా. "ముందు మేడ మీద బాత్రూమ్ తలుపుకి గడియ పెట్టిద్దాం. పిల్లలు భయపడతా స్నానం చేస్తన్నారు."

గడియ పెట్టించారు. గుర్తింపు కార్డుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగారు. చెరువుల దగ్గర కూలీల తరఫున యుగంధర్ కేసులు వేశాడు, కొన్ని గెలిచాడు. ఒకరికొకరు తోడుగా బతికేవాళ్లు, నాకేమన్నా అయితే ఈ మనిషిని అడగండి అని ముందే రాసిపెట్టుకునే కాగితం ఒకటి తయారుచేశాడు. కొన్ని ఆస్పత్రులు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. ఒప్పుకోని చోటికి లక్ష్మీకాంతం స్వయంగా వెళ్లి కూర్చుంటుంది. ఆమెను చూసి లేచి నిలబడే పాత విద్యార్థి ఒకడైనా ప్రతి ఆస్పత్రిలోనూ ఉంటాడు.

ఈ ఏడాది లక్ష్మీకాంతం ట్రస్టు అధ్యక్షస్థానం వదిలేస్తానని చెప్పింది. అలసట అని కాదు.

"రెబెకా ముందు మీ ఇంటికొచ్చింది, నేను తర్వాత వచ్చాను. పెద్దరికం నీదే" అంది క్రిస్టినాతో.

క్రిస్టినా చాలాసేపు ఒప్పుకోలేదు. మత్తయి నచ్చజెప్పాడు, యుగంధర్ కాగితం ముందుకు జరిపాడు. చివరికి సూది గుచ్చిన వేళ్లతో జాగ్రత్తగా, ఒక్కో అక్షరం విడివిడిగా సంతకం పెట్టింది.

మరునాడు నలుగురూ మత్తయి పడవలో మడ అడవుల్లోకి వెళ్లారు. లక్ష్మీకాంతమే అడిగింది. పాయ సన్నబడే కొద్దీ రెండు వైపుల చెట్లూ పైన కలుసుకున్నాయి. ఆకుపచ్చటి వెలుతురు నీళ్ల మీద కదులుతోంది. మడచెట్ల ఊపిరివేళ్లు బురదలోంచి వేలకు వేలు పైకి లేచి ఉన్నాయి. క్రిస్టినా ఒక్కో చెట్టూ చూపించి పేరు అడుగుతోంది. లక్ష్మీకాంతం మొదట లాటిన్ పేర్లు చెప్పింది, తర్వాత ఊరి పేర్లు చెప్పింది. కాసేపటికి అసలు చెప్పడమే మానేసింది.

"మేడం గారు ఎటో వెళ్లిపోయారు" అని నవ్వాడు యుగంధర్.

"పోనీలెండి" అంటూ మత్తయి ఇంజను ఆపేశాడు.

పడవ సముద్రం వైపు తీస్తున్న ఆటునీటి మీద దానంతటదే సాగుతోంది. క్రిస్టినా తన ఒడిలోని సంచీని సర్దితే, లక్ష్మీకాంతం దాని మీద తల వాల్చి నిద్రపోయింది. సముద్రం దగ్గర పడేదాకా ఎవరూ ఆమెను లేపలేదు.